వాసన, వలపు: చిన్న కథలో పువ్వు చేసే పని

తెలుగులో 'వాసన' అనే మాటకు రెండు అర్థాలు ఉన్నవి. ఒకటి ముక్కుకు తెలిసేది. రెండవది మనసులో మిగిలిపోయిన పాత అనుభవపు జాడ. పెద్దలు 'పూర్వజన్మ వాసన' అనేది ఈ రెండవ అర్థంలోనే. 'వలపు' అనే మాటకూ రెండు అర్థాలు ఉన్నవి. నేడు అందరికీ తెలిసినది ప్రేమ అనే అర్థం. కాని పాత కావ్యభాషలో వలపు అంటే పరిమళం కూడా. 'వలచు' అనే క్రియకు ప్రేమించడం, గుబాళించడం అనే రెండు అర్థాలనూ నిఘంటువులు పక్కపక్కనే ఇస్తాయి. పువ్వుకూ జ్ఞాపకానికీ ప్రేమకూ ముడివేసే పని తెలుగు కథకుడు కొత్తగా చేయనక్కరలేదు. ఆ ముడి భాషలోనే పడి ఉన్నది.

ఈ ముడి మనబోటివారికి ఎందుకు ముఖ్యమో ముందుగా చెప్పుకోవాలి. కోరంగి రేవు నుంచి మారిషస్‌కు, 1860లో 'ట్రూరో' ఓడతో మొదలై మద్రాసు నుంచి నేటాలుకు, 1903 నుంచి ఫిజీకి, కంగాణీల వెంట మలయాకు వెళ్ళిన తోటకూలీల సంతతి మనం. తరాలు గడిచేకొద్దీ మన ఇళ్ళలో వాక్యాలు జారిపోయాయి, క్రియలు జారిపోయాయి. మిగిలినవి వంటల పేర్లు, చుట్టరికాలు, దేవుళ్ళ పేర్లు, పూల పేర్లు. కాని 'మల్లె' అన్న మాట మిగిలి, మల్లె ఏ వేళ విచ్చుతుందో మరచిపోతే, ఆ మాట ఖాళీ సీసా మీది చీటీ వంటిది. ఆ సీసాను తిరిగి నింపుకోవడానికి అతి చిన్న కథ మంచి సాధనమని మా నమ్మకం. అమెరికాలో టెక్సాస్ రాష్ట్రపు ప్లేనో నగరాన్ని దృష్టిలో ఉంచుకొని, అది ఎలాగో ఇక్కడ వివరిస్తున్నాము.

చిన్న కథ మనకు కొత్త కాదు

సాతవాహన రాజు హాలుని పేరిట ప్రసిద్ధమైన 'గాథాసప్తశతి' ప్రాకృత భాషలోని ఏడు వందల ముక్తకాల సంకలనం. ఒక్కొక్క గాథ రెండు పాదాలే. ఆ రెండు పాదాలలో ఒక పల్లె, ఒక స్త్రీ, ఒక చూపు, చెప్పీ చెప్పని ఒక మాట ఉంటాయి. అందులో అత్త, పొట్ట, పిల్ల వంటి తెలుగు మాటలు కనబడుతున్నాయని పండితులు చూపించారు. దక్కను నేల మీద ప్రేమకథను రెండు పాదాలలో చెప్పే అలవాటు అంత పాతది.

పూల పరిమళం మీద అల్లిన అతి చిన్న కథకు తెలుగులో అందరూ ఎరిగిన ఉదాహరణ నాలుగు పాదాల పద్యమొకటి. దానిని శ్రీకృష్ణదేవరాయల కాలపు కవి నంది తిమ్మన రచించాడనీ, అందువల్లనే ఆయనకు 'ముక్కు తిమ్మన' అనే పేరు వచ్చిందనీ ఐతిహ్యం. ఆ పద్యం రామరాజభూషణుని 'వసుచరిత్ర'లో ఉన్నది. కథ ఇది. తుమ్మెద అన్ని పూల మీదా వాలుతుంది, సంపంగి మీద మాత్రం వాలదు. సంపంగికి ఉక్రోషం వచ్చింది. తపస్సు చేసి, మరుజన్మలో ఒక యువతికి ముక్కుగా పుట్టింది. ఇక లోకంలోని పూల పరిమళాలన్నీ దాని దగ్గరకే వస్తాయి. ఇరువైపులా ఉన్న కళ్ళ చూపులే తుమ్మెదల బారులై దానిని విడువకుండా ఉంటాయి. అవమానం, తపస్సు, పునర్జన్మ, ఫలసిద్ధి: ఒక పెద్ద కథకు కావలసిన మలుపులన్నీ నాలుగు పాదాలలో ముగిశాయి.

పరిమళం కథను ఎలా నడిపిస్తుందో చూడాలంటే పెద్దన 'మనుచరిత్ర' ఉన్నది. సిద్ధుడు ఇచ్చిన పాదలేపంతో హిమాలయం చేరిన ప్రవరుడు, ఆ లేపం మంచుకు కరిగిపోవడంతో తిరుగుదారి లేక తిరుగుతుంటాడు. అప్పుడు గాలిలో కస్తూరి, కర్పూరం కలిసిన తాంబూలపు పరిమళం వస్తుంది. అది మనుష్య సంచారానికి గుర్తని గ్రహించి అటు నడుస్తాడు, వరూధిని ఎదురవుతుంది. ఆమె కంటబడక ముందే ఆమె పరిమళం కథలోకి వచ్చేసింది. ఇంటికి తిరిగి వెళ్ళలేక చిక్కుబడిన మనిషికి దారి చూపినది ఒక వాసన అన్న సంగతి ఓడలెక్కినవారి సంతతికి ప్రత్యేకంగా తోచక మానదు.

ఆధునిక కాలంలో ఈ చిన్న రూపానికి చాలా పేర్లు వచ్చాయి. కొడవటిగంటి కుటుంబరావు కథలు, నవలలతో పాటు గల్పికలు కూడా విరివిగా రాశారు. పోస్టుకార్డు మీద పట్టేటట్టు రాసినది కార్డు కథ. పత్రికలో ఒక్క పుటకు మించనిది సింగిల్ పేజీ కథ. ఇంకా చిన్నది మినీ కథ. అమెరికాలో 1987లో స్టీవ్ మాస్ అనే పత్రికా సంపాదకుడు యాభై అయిదు పదాలకు మించని కథల పోటీ పెట్టాడు. ఆ కొలత తరువాత చాలా దేశాలకు పాకింది. ఈ కొలత తెలుగుకు అనుకూలమైనది. 'చెప్పలేకపోయినందుకు' అన్నది మనకు ఒకే పదం. అందులో చెప్పడం, అశక్తత, గతం, కారణం అన్నీ ఉన్నవి. కొన్ని భాషలలో ఇదే భావానికి నాలుగైదు పదాలు ఖర్చవుతాయి.

ముక్కు దారి

చిన్న కథలో వాసన ఎందుకు అంత పని చేస్తుందో శరీరశాస్త్రం కొంత చెబుతుంది. చూపు, వినికిడి, స్పర్శ మెదడులో థాలమస్ అనే మజిలీ దాటిన తరువాతనే పై పొరలను చేరుతాయి. వాసన సంకేతానికి ఆ మజిలీ లేదు. ముక్కు పైభాగాన ఉన్న నాడీకణాల నుంచి ఘ్రాణగోళానికి, అక్కడి నుంచి నేరుగా భావోద్వేగాలతో సంబంధమున్న అమిగ్డలా వంటి భాగాలకు చేరుతుంది. జ్ఞాపకాలను కూర్చే హిప్పోకాంపస్ కూడా అక్కడికి దగ్గరే. అందువల్లనే ఒక వాసన తగిలినప్పుడు అది ఏమిటో పేరు తట్టక ముందే గుండె బరువెక్కుతుంది.

మరొక సంగతి కూడా ఉన్నది. ఒకే వాసనలో కొంతసేపు ఉంటే ముక్కు దానికి అలవాటుపడి, పట్టించుకోవడం మానేస్తుంది. జడలో మల్లెలు పెట్టుకున్న మనిషికి కాసేపటికి ఆ పరిమళం తెలియదు. పక్కగా నడిచిపోయినవారికి తెలుస్తుంది. ప్రేమకథకు ఇంతకన్న ఏమి కావాలి? ఒకరు ధరించినది మరొకరి జ్ఞాపకమవుతుంది. ధరించినవారికి ఆ సంగతే తెలియదు.

మల్లె పరిమళంలో ఇండోల్ అనే పదార్థం కొద్దిగా ఉంటుంది. తక్కువ మోతాదులో అది పూల గుబాళింపుకు నిండుదనం ఇస్తుంది. అదే ఎక్కువైతే దుర్గంధం. మన 'కంపు' అనే మాట కూడా ఇలాంటిదే. నేడు అది దుర్వాసన మాత్రమే. పాత తెలుగులో సువాసనకూ వాడేవారు. మంచి కథలోని పువ్వు కూడా కమ్మగా మాత్రమే ఉండనక్కరలేదు. వాడిపోయిన దండ వాసన శవయాత్రను కూడా గుర్తు చేయగలదు.

పువ్వుకొక వేళ

భాష మళ్ళీ నేర్చుకుంటున్నవారు పూల పేర్లను చిత్రపటం మీద చీటీలుగా నేర్చుకుంటారు. కథకు అది చాలదు. ప్రతి పువ్వుకూ ఒక ఋతువు, ఒక వేళ, ఒక వాడుక ఉన్నవి. వాటితో కలిపి నేర్చుకున్నప్పుడే ఆ పేరు కథలో పనిచేస్తుంది.

మల్లె ఎండాకాలపు పువ్వు. మొగ్గగా ఉన్నప్పుడే కోసి దండ కడతారు, సాయంత్రం జడలో విచ్చుకుంటుంది, రాత్రి గుబాళిస్తుంది, తెల్లవారేసరికి వన్నె తగ్గుతుంది. కాబట్టి కథలో 'నలిగిన మల్లెలు' అంటే చాలు, ఒక రాత్రి గడిచిందని పాఠకునికి తెలుస్తుంది.

పారిజాతం రాత్రి పూసి, తెల్లవారుజామున తనంతట తానే రాలుతుంది. నేల రాలిన పువ్వు పూజకు పనికిరాదనే ఆచారం దీనికి వర్తించదు. తిమ్మన 'పారిజాతాపహరణం'లో కృష్ణుడు రుక్మిణికి ఇచ్చిన పారిజాత పుష్పమే సత్యభామ అలకకు కారణం. అందుచేత ఆ పేరు వినగానే వేకువతో పాటు ఇద్దరు భార్యల నడుమ నలిగిన ప్రేమ కూడా స్ఫురిస్తుంది.

మొగలి వానకాలపు పువ్వు. దాని రేకులను చీరల పెట్టెలో ఉంచే అలవాటు ఉన్నది. అబద్ధపు సాక్ష్యం చెప్పినందువల్ల శివపూజకు పనికిరాకుండా పోయిందని పురాణకథ. పెట్టె తెరవగానే మొగలి వాసన వచ్చిందంటే, దాచిన కాలమే బయటకు వచ్చినట్టు.

కనకాంబరానికి రంగే కాని వాసన లేదు. అందుకే దండలో దాని మధ్య మరువమో మల్లెలో కలిపి కడతారు. మరువం పువ్వు కాదు, ఆకు. ఎండినా వాసన విడువదు. చామంతి చలికాలానిది; సంక్రాంతి ముంగిళ్ళలో బంతి, గుమ్మడి పూలతో పాటు కనిపిస్తుంది.

ఇక పొగడ. చుక్కలా ఉండే చిన్న పువ్వు, చెట్టు కింద రాలి పడుతుంది. ఎండిన తరువాత కూడా చాలాకాలం పరిమళాన్ని నిలుపుకొంటుంది. ప్రయాణపు కథకు ఇంతకన్న తగిన పువ్వు లేదు.

రెండు చిన్న కథలు

పై మాటలు ఎలా పనిచేస్తాయో చూపడానికి మేమే రెండు కథలు అల్లాము. మొదటిది ప్రేమకథ.

"ఆమె ఎప్పుడూ కనకాంబరాల దండే కొనేది. 'వాసన లేని పూలెందుకు?' అని అతడొకసారి అడిగాడు. ఆమె నవ్వి ఊరుకున్నది. ఆమె పోయిన ఏడాదికి, దిండు గలీబు మడతలో అతనికి ఎండిన మరువపు రెమ్మ ఒకటి దొరికింది. ఆ గలీబు అతడు ఉతకలేదు."

ఇందులో 'ప్రేమ' అన్న మాట లేదు, 'దుఃఖం' అన్న మాట లేదు. కనకాంబరాల దండలో మరువం కలిపి కడతారన్న సంగతి తెలిసిన పాఠకునికి అసలు విషయం అర్థమవుతుంది. అతడు ఇన్నేళ్ళూ రంగునే చూశాడు. పక్కనే ఉన్న వాసనను గమనించలేదు. ఆమె పోయిన తరువాతనే అది అతనికి తెలిసింది. చివరి వాక్యంలోని చిన్న పని అతని మనసును చెబుతుంది.

రెండవది తోటల కథ.

"ఓడ ఎక్కేనాడు తల్లి ఆమె కొంగున పొగడపూలు ముడివేసింది. చెరకు తోటలో రెండేళ్ళకు కొంగు చిరిగింది. పూలు డబ్బాలోకి మారాయి. అయిదేళ్ళ కాగితం ముగిసిందనీ, రేవులో ఓడ ఉన్నదనీ కబురు వచ్చింది. ఆమె డబ్బా తెరిచి, అక్కడే పుట్టిన కూతురి ముక్కు దగ్గర పెట్టింది. 'ఏమిటమ్మా ఇది?' అన్నది పిల్ల. 'మా ఊరు' అని, ఆమె మూత పెట్టేసింది."

ఆమె ఓడ ఎక్కిందో లేదో కథ చెప్పలేదు. కాని 'మన ఊరు' అనలేదు. 'మా ఊరు' అన్నది. తెలుగులో 'మన' అంటే వినేవారు కూడా కలిసినది. 'మా' అంటే వినేవారిని విడిచిపెట్టినది. తల్లి తన ఊరిలో కూతురిని కలుపుకోలేకపోయింది. ఒక్క అక్షరంలో రెండు తరాలు విడిపోయాయి. 'మన', 'మా' భేదం వ్యాకరణ పాఠంలో చదివితే మరచిపోవచ్చు. ఇలాంటి కథలో చదివితే మరచిపోవడం కష్టం. చిన్న కథను సాధనమని మేము అన్నది ఇందుకే.

ప్లేనోలో ఏ పువ్వు?

ప్లేనో డాలస్‌కు ఉత్తరాన ఉన్న నగరం. 2020 జనగణన ప్రకారం జనాభా 2,85,494. ఆ పేరుకు స్పానిష్ భాషలో 'చదునైనది' అని అర్థం. అక్కడి నేల నల్లని బంకమట్టి. ఎండకు నెర్రెలు విచ్చి వానకు ఉబ్బుతుంది. మన నల్లరేగడికి అది జ్ఞాతి. ఎండలు మల్లెకు సరిపోతాయి. చిక్కంతా చలికాలంతోనే. 2021 ఫిబ్రవరి 16న డాలస్-ఫోర్ట్‌వర్త్ విమానాశ్రయంలో ఉష్ణోగ్రత మైనస్ 19 డిగ్రీల సెల్సియస్ దాకా పడిపోయింది. అందువల్ల అక్కడ మల్లె కుండీలో బ్రతుకుతుంది. మంచు పడక ముందే ఇంట్లోకి వస్తుంది. మన తాతముత్తాతల తోటలలో మల్లెను నేలలోనే నాటవచ్చు. ఇక్కడ దానిని ఏటా ఎత్తి లోపల పెట్టాలి. ఈ ఎత్తిపెట్టడమే ఒక కథ కాదగినది.

ఇదే ప్రాంతంలో తెలుగు సాహిత్యానికి స్థిరమైన వేదిక ఉన్నది. టాంటెక్స్ అనే పేరుతో తెలిసిన ఉత్తర టెక్సాస్ తెలుగు సంఘం 2007 నుంచి 'నెల నెలా తెలుగు వెన్నెల' అనే సాహిత్య సదస్సును నడుపుతున్నది. అది రెండు వందల సదస్సులు దాటింది. ఇటీవలి దశాబ్దాలలో ఆంధ్ర, తెలంగాణల నుంచి వచ్చినవారి తెలుగు అక్కడ చెవిన పడుతుంది. ఫిజీ నుంచో దక్షిణ ఆఫ్రికా నుంచో వచ్చి ఆ ప్రాంతంలో స్థిరపడిన తోటల సంతతివారికి అది వినే చోటు. రాయడానికి మాత్రం చుట్టూ ఉన్న పూలతో మొదలుపెట్టవచ్చు.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. ప్లేనో వీధులలో కంచెల మీద పాకే తెల్లని సువాసన పూల తీగను 'స్టార్ జాస్మిన్' అంటారు. పేరుకే అది జాస్మిన్. వృక్షశాస్త్రం ప్రకారం అది గన్నేరు కుటుంబానిది. నందివర్ధనానికీ దేవగన్నేరుకూ చుట్టం, మల్లెకు కాదు. ఇంకొక వైపు, అక్కడి ఇళ్ళ ముందు నిలిచే పెద్ద తెల్లపూల చెట్టు మాగ్నోలియా మన సంపంగికి నిజమైన బంధువు. రెండూ ఒకే ప్రజాతికి చెందినవి. పేరు కలిసినచోట బంధుత్వం లేదు. బంధుత్వం ఉన్నచోట పేరు కలవలేదు. వలస వెళ్ళిన కుటుంబాలలోనూ ఇలాగే జరిగింది. ఓడ జాబితాలో గుమాస్తా రాసుకున్న పేరుతో తరాలు నడిచాయి. అసలు ఇంటిపేరు మరుగునపడింది.

'జాస్మిన్' అన్న ఒక్క మాట మల్లె, జాజి, సన్నజాజి, విరజాజి అనే నాలుగు పేర్లనూ మింగేస్తుంది. కథలో 'జాస్మిన్ వాసన వచ్చింది' అని రాస్తే ఋతువు లేదు, వేళ లేదు. 'మల్లెలు విచ్చినవి' అని రాస్తే ఎండాకాలపు సాయంత్రం దానంతట అదే వస్తుంది. మలయా నుంచి వచ్చినవారు ఇదే మల్లెను 'మెలూర్' అని, హవాయి వెళ్ళినవారు 'పికాకె' అని ఎరుగుదురు. ఆ పేర్లనూ కథలో వాడవచ్చు. అవి కూడా మన ప్రయాణపు వాసనలే.

రాసేటప్పుడు

కొత్తగా రాసేవారికి మేము చెప్పదలచినవి కొన్నే. ఒక కథకు ఒక పువ్వు చాలు. రెండు పెడితే అవి ఒకదానితో ఒకటి పోట్లాడాలి, మా మొదటి కథలో కనకాంబరం, మరువం వలె. వాసనను వర్ణించవద్దు, అది తగిలిన మనిషి ఏమి చేశాడో చెప్పండి. 'అమ్మ గుర్తుకు వచ్చింది' అని రాయవద్దు; అమ్మ చేసే పనిని అతని చేత చేయించండి. పువ్వు వేళ తప్పించవద్దు. పారిజాతం మిట్టమధ్యాహ్నం రాలితే తెలిసిన పాఠకుడు అక్కడే ఆగిపోతాడు. కావాలని వేళ తప్పిస్తే మాత్రం అదే కథ కావచ్చు: డిసెంబరులో, హీటర్ పక్కన, కుండీలో విచ్చిన ఒంటరి మల్లె.

క్రియలు తడబడితే చిన్న వాక్యాలు రాయండి. 'ఉన్నది', 'వచ్చింది', 'అన్నది', 'చూడలేదు' అనే నాలుగు క్రియలతో ఒక కథ నడిపించవచ్చు. గాథలు చెప్పినవారు కూడా పొదుపుగానే చెప్పారు.

ఇంట్లో తెలుగు మాటలు కొన్నైనా ఎరిగిన పెద్దలు ఉంటే, వారిని పువ్వు పేరు అడిగి ఊరుకోవద్దు. ఆ పువ్వు ఎప్పుడు పూసేదో, ఎవరు కోసేవారో, ఎవరి జడలో ఉండేదో, ఎవరికి పెట్టుకోవడానికి వీలులేకపోయిందో అడగండి. చివరి ప్రశ్నకు జవాబు రావడానికి కొంత ఆలస్యం కావచ్చు. వచ్చినప్పుడు దానిని వారు చెప్పిన మాటలలోనే, అయిదారు వాక్యాలకు మించకుండా రాసుకోండి.